ఒక్క అక్షరం

గుంటూరు కొత్తపేట సందులో మా ప్రెస్సు.
ముప్పై ఏళ్ళుగా అక్షరాలు పేరుస్తున్నాను, ప్రూఫులు దిద్దుతున్నాను.
సీసాన్ని తలకిందులుగా చదివీ చదివీ
ఇంట్లో క్యాలెండరు తిన్నగా కనబడితే తికమకపడతాను.

మొన్న శ్రమదినాలకి
రోజుకో వాక్యం చొప్పున నలభై వాక్యాల చిన్న పుస్తకం వేశాం.
పదిహేడో రోజుది,
మోయలేనిది ఆయన మీద పెట్టమనే మాట.
'భారము' అని ఉండాలి.
'భాగము' అని పడింది.
రకారం గడిలోకి ఓ గకారం జారి ఉంటుంది.
కుర్రాడు చూడలేదు. నేనూ చూడలేదు.
ఆ రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది.
అది సాకు. చూడలేదు, అంతే.

జయశీలం అయ్యగారు చూశారు.
తప్పు అనుకోలేదు,
దర్శనం అనుకున్నారు.
ఆదివారం పుల్‌పిట్ మీద పిడికిలి గుద్ది
"ఇన్నాళ్ళూ మన కళ్ళకి దాగిన మాట ఇది!
మీ భాగం! మీ పదోవంతు!
ఎవరి మీద పెట్టారు ఇన్నాళ్ళూ?"
గంటసేపు చెప్పారు.
అబద్ధమెందుకు, బాగా చెప్పారు.
నాకే రోమాలు నిక్కాయి,
ఆ అక్షరం నాదని తెలిసి కూడా.
అప్పుడు భయమేసింది.
రోమాలకి తేడా తెలియదు.

కానుక పళ్ళెం తిరిగింది.
మిర్చియార్డులో తొడిమలు తీసే దీవెనమ్మ
ముక్కుపుడక తీసి వేసింది.
టింగుమంది.

సోమవారం వెళ్ళి అయ్యగారికి చెప్పుకున్నాను.
"అచ్చులోకి వచ్చింది కదయ్యా,
ఆయన సెలవు లేకుండా వస్తుందా?"
టీ ఇప్పించారు. తాగాను.
వీధిలోకొచ్చాక గాని నోరు పెగల్లేదు,
మరి కరెంటు కూడా ఆయన సెలవుతోనే పోయిందా అని.

ఎన్నిసార్లు దిద్దానో ఆ పాత ఉత్తరాలు.
ఒకచోట అపొస్తలుడు రాస్తూ రాస్తూ ఆగుతాడు.
ఇంతవరకూ ప్రభువు మాట,
ఇక్కణ్ణుంచి నాది అంటాడు.
గట్టు వేసినట్టు.
అంతటివాడికే ఆ గట్టు కావాల్సి వచ్చింది.
ఇంకోచోట, వదిలేసి వచ్చిన అంగీ తెచ్చిపెట్టమంటాడు.
ఆ అంగీని కూడా దేవుడే అడిగాడంటే
చలి ఎవరికి వేసినట్టు?

సాయంత్రం చుట్టుగుంట దాటి యార్డుకి నడిచాను.
తుమ్ముతూ వెతికాను.
ఎర్రటి గుట్టల మధ్య
కొంగు ముక్కుకి చుట్టుకుని కూర్చుంది.
చెప్పాను. గ పడిందని, ర పడాలని.
ఆమెకి గ తెలియదు, ర తెలియదు.
తొడిమ తుంచుతూనే వింది.

"ఆ వాక్యం నాకెప్పుడో తెలుసయ్యా.
బస్తా నెత్తికెత్తుకున్నప్పుడల్లా మా అమ్మ అనేది.
అయ్యగారు చెప్తంటే అనుకున్నా,
ఇదేంది, ఈయన దించుతున్నాడా, ఎత్తుతున్నాడా అని."

మరి ఎందుకు వేశావమ్మా?

"అందరూ చూస్తన్నారు గదా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత అడిగింది, మళ్ళీ ఇస్తారా అని.

ఆ రాత్రి ఐదొందల చీటీలు కొట్టాను,
ఒక్కోటి ఒక్క మాటంత వెడల్పు.
మైదా ఉడకబెట్టుకుని ఇంటింటికీ తిరిగి అంటించాను.
కొందరు అంటించనివ్వలేదు.
ఆ ప్రసంగం విని
తాపీమేస్త్రీ ఏలీయా తాగుడు మానేశాడు.
నా భాగం నా పిల్లలది కూడా కదా అనిపించిందట.
అతని పుస్తకం నేను ముట్టుకోలేదు.
తప్పులోంచి కూడా ఆయన మాట్లాడతాడేమో, నాకు తెలియదు.
తప్పు మాత్రం ఆయనది కాదు.

పుడక ఇంకా రాలేదు.
ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాను.
బెజ్జం పూడిపోకుండా
దీవెనమ్మ చీపురుపుల్ల ముక్క పెట్టుకుంది.
అయ్యగారు వాక్యం తెరవగానే
నా కళ్ళు ముందు ఆ పుల్ల మీద పడతాయి.